కోరంగి ఓడలూ, కొన్నవారూ

పాలారు ఒడ్డున కాపురాలున్న మనకు ఓడల గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చును. సత్తువాచారి నుంచి చూస్తే ఏటిలో ఇసుకే గాని నీరు కనబడే రోజులు సంవత్సరానికి ఎన్నో వేళ్లమీద లెక్కపెట్టవచ్చును. తెరచాప ఓడ అంటే మన పిల్లలకు బడి పుస్తకంలోని బొమ్మ మాత్రమే. అయినా ఈ ఉగాది సంచికకు ఓడల మాట ఎత్తుకొన్నందుకు కారణాలున్నవి.

మొదటిది, మన రాయవేలూరు కోట. కొండల నడుమనున్న ఈ కోటను రాజధానిగా చేసుకొన్న అరవీటి ప్రభువులు సముద్రపు రేవులమీద కూడా ఆజ్ఞ చెల్లించినారు. పులికాట్ రేవులో వర్తకం చేసుకొమ్మని డచ్చివారికి 1610లో అనుమతి ఇచ్చినది వేంకటపతి రాయలవారే. అంటే ఈ ఊరికి సముద్రం మరీ అంత దూరపు చుట్టం కాదు.

రెండవది, పేరు. బర్మా వెళ్లిన తెలుగువారిని అక్కడ "కోరంగీలు" అని పిలిచినారు. మారిషస్‌లోనూ ఆ పేరు నిలిచినది. మనిషిది శ్రీకాకుళమా, విశాఖపట్నమా, గోదావరి జిల్లాయా అని ఎవరూ విచారించలేదు. ఓడ కోరంగి రేవుది, దిగినవాడు కోరంగీ. కులం పేరు, ఊరు పేరు, ఇంటి పేరు అన్నీ పోయి ఒక రేవు పేరు మనుషులకు అంటుకొన్నది. ఆ పేరును గౌరవంగా పలికినవారు తక్కువ. 1930 మే నెలలో రంగూను రేవులో కూలిపని దగ్గర మొదలైన కొట్లాటలో ఆ పేరున్నవారే దెబ్బలు తిన్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అడవులు, కొండలు పట్టి కాలినడకన ఇల్లు చేరినవారిలోనూ ఆ పేరువారు ఎందరో ఉన్నారు. వలస వచ్చి పై ఊళ్లో బ్రతికే మనవంటివారు ఆ పేరు ఎక్కడ పుట్టిందో తెలుసుకొనడం న్యాయం.

ఓడను కట్టడం ఒక విద్య. కట్టిన ఓడను చెడకుండా కాపాడి, తగిన చేతికి అప్పగించడం మరొక విద్య. మన చరిత్రకారులు మొదటి విద్యను గురించి కొంత చెప్పినారు. రెండవదానిని గురించి చెప్పినది తక్కువ. కొయ్య ఓడ ఇల్లువంటిది కాదు, ఖాళీగా వదిలితే నిలవదు. యజమాని కాలం చేసినా, వర్తకం దెబ్బతిన్నా, వెంటనే మరొకరు రావాలి. వచ్చినవాడు గుణం తెలిసినవాడైతే ఓడ ఇంకొక తరం బ్రతుకుతుంది. కాకపోతే విరిచి వంటచెరకు చేస్తారు.

మన తీరంలో ఓడల ముచ్చట చాలా పాతది. శాతవాహనుల కాలపు సీసపు నాణేలమీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. నాణెంమీద ఓడను అచ్చు వేయించిన రాజ్యానికి ఓడ అంటే ఏమిటో తెలియకుండా ఉండదు గదా! దానికి వెయ్యేండ్ల తరువాతి మోటుపల్లి శాసనం ఇంకా విశేషమైనది. కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244 ప్రాంతంలో, ఓడ వర్తకులకు ఇచ్చిన అభయ శాసనమది. పూర్వపు రాజులు, తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని ధనాన్ని, ఏనుగులను, గుఱ్ఱాలను, రత్నాలను బలవంతాన లాగుకొనేవారు. తాను ఆ పని చేయనని, ఏర్పాటైన సుంకం తప్ప వేరేమీ పుచ్చుకొననని గణపతిదేవుడు రాతిమీద వ్రాయించినాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాడికి ప్రాణంకంటె ధనమే ఎక్కువ అని కనిపెట్టిన రాజు ఆయన. ఒడ్డున పడిన ఓడ ఎవరిది అనే ప్రశ్నకు ఇంత తేటగా సమాధానం చెప్పిన ప్రభువులు ఆ కాలంలో తక్కువమంది. తరువాత మార్కో పోలో ఆ రేవు ముచ్చట వ్రాసినాడు.

గోలకొండ నవాబుల నాటికి నరసాపురం రేవు పేరు మోగినది. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు, అక్కడ మంచి కలప, ఇనుము, నేర్పుగల వడ్రంగులు, కమ్మరులు దొరకడం చూసి మెచ్చుకొన్నాడు. ఆయన వ్రాతప్రతి 1905లో గాని అచ్చుకాలేదు. దొరలు స్వదేశంలో ఓడ కట్టించి తెచ్చుకొనడంకంటె ఇక్కడ కట్టించుకొనడమే లాభమని తెలుసుకొన్న కాలమది. అప్పటికే మన తీరంలో రెండు తరగతుల పడవలున్నవి. అలలు విరిగేచోట ఒడ్డుకు సరకు చేర్చే మసూలా పడవకు మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టినారు. అల వచ్చి కొట్టితే విరగక వంగుతుంది. దూరపు సముద్రానికి పోయే ఓడకు మాత్రం ఇనుప మేకులు, బలమైన పక్కకొయ్యలు. కుట్టు ఓడలు పోయినవనుకొన్న ఈ కాలంలో, 2025లో భారత నౌకాదళం అజంతా చిత్రంలోని ఓడను చూసి "కౌండిన్య" అనే కుట్టు ఓడను తయారు చేయించి తనలో చేర్చుకొన్నది. తాడు కుట్టు తెలిసిన చేతులు ఇంకా మిగిలి ఉండబట్టి గదా ఆ పని అయినది.

ఇక కోరంగి. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దక్షిణాన, యానాముకు దగ్గరగా ఉన్నది. ఈనాడు మడ అడవులు చూడబోయేవారికి తెలిసిన పేరు. రెండు వందల యేండ్ల క్రిందట ఓడలవారికి తెలిసిన పేరు. కలకత్తాకూ త్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను ఏటిలోనికి తెచ్చి, అడుగు ఆరబెట్టి బాగుచేయగలిగిన చోటు అదేనని పాత గెజెటీర్లు చెప్పుతవి. గోదావరి పై కొండలనుంచి టేకు దుంగలు వరద నీటిమీద తేలుతూ వచ్చేవి. టేకులో సహజమైన నూనె ఉన్నది గనుక దానిలో దిగిన మేకు త్వరగా తుప్పు పట్టదు. ఇంకొక మేలు ఏటి నీటిది. ఉప్పునీటిలో ఉండే కొయ్యపురుగు ఓడ అడుగును జల్లెడ చేస్తుంది. దానికి మంచినీరు పడదు. వరద రోజులలో ఓడను ఏటిలోపల కట్టి ఉంచితే పురుగు తనంతటతానే చస్తుంది. డబ్బు ఖర్చు లేని వైద్యం!

బంగాళాఖాతం ఓడకు పంచాంగం తప్పనిసరి. నైరుతి గాలిలో తూర్పు దిక్కుకు పోవాలి, ఈశాన్యపు గాలిలో తిరిగి రావాలి. అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలంలో తెరచాప దించి, ఏటిలో లంగరు వేసి, తాళ్లు విప్పి ఆరబెట్టి, ఓడను ఇంటి పశువును చూసినట్లు చూడాలి. ఓడల బేరాలకు అనువైన కాలం ఇదే. ఓడ ఒడ్డున ఉన్నది, సరకు లేదు, అడుగు కనబడుతున్నది. కొనేవాడు నిదానంగా చూసుకొనవచ్చును.

ఎట్లా చూస్తారో కొంచెం చెప్పవలసి ఉన్నది. ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, ఓడను కొనేవాడు అడుగు చూస్తాడు. కొత్తగా వేసిన రంగు చూసి సంతోషించేవాడు బేరంలో మునుగుతాడు, తరువాత సముద్రంలోనూ మునుగుతాడు. ముందుగా దూరాన వెనుకవైపు నిలబడి ఓడ వీపు గీతను చూడాలి. వయసు మీరిన ఓడకు రెండు కొసలూ కిందికి వాలి, నడుము పైకి లేస్తుంది. ఆ రోగానికి మందు లేదు. గీత సరిగా ఉంటే లోపలికి దిగవచ్చును. దిగగానే ముక్కు చెప్పుతుంది. ఉప్పునీరు, గుగ్గిలం, పాత తాడు కలిసిన వాసన మంచిదే. పుట్టగొడుగు వాసన వస్తే పైకి వచ్చివేయడం మేలు. చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. కొయ్య ఓడను కుళ్లబెట్టేది సముద్రపు నీరు కాదు, వాననీరు. పైనున్న పలకల సందునుంచి కారి మూలల్లో నిలిచిన వాననీరే లోపలినుంచి తింటుంది. ఉప్పు కొయ్యను ఊరగాయ వేసినట్లు కాపాడుతుంది. కాబట్టి అనుభవంగలవాడు అడుగున నీరు ఉన్నదా అని మాత్రమే అడగడు, ఏ నీరు అని వేలు ముంచి నాలుకమీద వేసుకొంటాడు.

ఆ తరువాత సుత్తి. చిన్న సుత్తితో పక్కకొయ్యలను ఒక్కొక్కటిగా తట్టుతూ పోవాలి. గట్టి కొయ్య గంటలాగ పలుకుతుంది, కుళ్లినది పగిలిన కుండలాగ. మేకు తల చుట్టూ నల్లని మరక ఉంటే లోపల ఇనుము కరుగుతున్నదని అర్థం. పలకల సందులలో నార దట్టించి, గుగ్గిలం, నూనె కాచి పోసిన పని ఎన్నాళ్ల క్రిందటిదో చూడాలి. చివరకు, నా లెక్కలో మొదటిది, ఓడ సరంగును చూడాలి. తాళ్లు చుట్టిపెట్టిన తీరు, లంగరు గొలుసు తుడిచిపెట్టిన తీరు, చీలిన తెరచాపకు వేసిన మాసిక చూస్తే చాలును. చక్కని మాసికలున్న పాత తెరచాప, మాసిక లేని కొత్త తెరచాపకంటె నమ్మదగినది. దాన్ని ఎవరో కనిపెట్టి చూసుకొన్నారని అది సాక్ష్యం చెప్పుతుంది.

ఇంతటి రేవు ఎందుకు పోయింది? 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిని ముంచినవి. లంగరు వేసిన ఓడలు ఒడ్డెక్కినవి, వేలమంది చనిపోయినారు. యాభై యేండ్లకు, 1839 నవంబరులో, మళ్లీ తుపాను. ఈ బంగాళాఖాతపు గాలులను పరిశోధించిన కలకత్తా దొర హెన్రీ పిడ్డింగ్‌టనే 1848లో వీటికి "సైక్లోన్" అనే పేరు పెట్టినాడు. పాము చుట్ట అని దాని భావం. అయితే తుపానులు ఒక్కటే కోరంగిని చంపలేదు. గోదావరి తెచ్చిన ఒండ్రు ఏటి నోరు మూసింది. కాకినాడ పెరిగినది. 1869లో సూయజ్ కాలువ తెరిచినతరువాత పొగ ఓడలు బంగాళాఖాతం నిండా తిరిగినవి; వాటికి గాలితో పని లేదు, పంచాంగంతో పని లేదు. రైలు జీతం తినేవాడు ఈ మాట అనడం ఎట్లా ఉంటుందో గాని, తీరపు ఓడల నోటిదగ్గర కూడు లాగినవారిలో మా రైలు కూడా ఉన్నది. 1893 మొదలు 1896 దాకా బెజవాడ నుంచి కటకానికి దారి పడినది, 1899లో బెజవాడకు మద్రాసు కలిసినది. రేవునుంచి రేవుకు తెరచాపమీద పోయే బియ్యం, ఉప్పు, నూనెగింజలు గూడ్సు బండి ఎక్కినవి.

ఓడలు చెడిపోయి ఆగలేదు. కొనేవాడు లేక ఆగినవి. ఈ తేడాను మన పుస్తకాలు గుర్తించవు. తెరచాప ఓడల కాలం పోయిందని ఒక్క వాక్యంలో తేల్చివేస్తారు. కాలం పోయిన ఓడలకు కూడా మంచి యజమాని దొరికితే ఏమవుతుందో చూపడానికి ఇద్దరి కథలు చెప్పుతాను.

ఒకటి బొంబాయి ఓడ. వాడియా కుటుంబపు పారశీ శిల్పులు ఇంగ్లీషు నౌకాదళం కోసం మలబారు టేకుతో కట్టి 1817 అక్టోబరులో నీటిలోనికి దింపిన "త్రింకోమలీ". దాని నమూనా కాగితాలను మొదట తెస్తున్న ఓడ 1812లో అమెరికావారికి చిక్కి, ఆ కాగితాలు కాస్తా పోయినవి. మళ్లీ పంపించుకొనవలసి వచ్చినది. (మన కోరంగి వడ్రంగికి ఆ బాధ లేదు, కాగితం అతని తలలోనే ఉండేది.) ఓడ ఇంగ్లండు చేరేసరికి యుద్ధాలు ముగిసినవి. తెరచాప కొయ్యలు తీసి, పైన కప్పు వేసి, పాతికేండ్లకు పైగా జాగ్రత్తగా కట్టి ఉంచినారు. ఆ కప్పే దాన్ని బ్రతికించినదని నా నమ్మకం. వాననీటి మాట పైన చెప్పినాను గదా. తరువాత కొంతకాలం సముద్రం తిరిగి, 1897లో విరగగొట్టేవారికి అమ్ముడుపోయినది. అప్పుడు జార్జి వీట్లీ కాబ్ అనే ఆయన అడ్డుపడి కొన్నాడు. ఆయన స్వంత శిక్షణ ఓడ "ఫౌద్రాయాంట్" ఆ యేడే తుపానులో ఒడ్డుకు కొట్టుకొని నాశనమైనది. దాని పేరే దీనికి పెట్టి పిల్లలకు ఓడపని నేర్పించినాడు. 1987లో హార్టిల్‌పూల్ రేవుకు చేర్చి బాగుచేయడం మొదలుపెట్టినారు, 1992లో పాత పేరు తిరిగి వచ్చినది, 2001కి పని ముగిసినది. నేటికీ నీటిమీద తేలుతున్నది. కొయ్యలో సగానికి పైగా మొదట వేసినదే. ఇనుము తక్కువ కరిగే, పురుగు తక్కువ పట్టే మన దేశపు టేకు అంటే ఏమిటో చూడదలచినవారు చూడవచ్చును.

రెండవది మనకు మరీ దగ్గరిది. సింహళంలో యాళ్పాణం పక్కనున్న వల్వెట్టితురై అనే ఊళ్లో తమిళ సోదరులు 1930లో కట్టిన "అన్నపూర్ణి అమ్మాళ్". రెండు తెరచాప కొయ్యల ఓడ, పొడుగు 89 అడుగులు. ఎక్కువగా వేప కలప. బంగాళాఖాతంలో కోరంగి ఓడలు చేసిన వర్తకమే ఆ ఊరి ఓడలదీ. అది నీటిలో పడేనాటికే తెరచాప వర్తకానికి సాయంకాలమైనది. అప్పుడు వచ్చినాడు విలియం ఆల్బర్ట్ రాబిన్సన్ అనే అమెరికా దేశస్థుడు. 1928 నుంచి 1931 దాకా ముప్ఫైరెండున్నర అడుగుల చిన్న నావమీద భూప్రదక్షిణం చేసి వచ్చిన మనిషి గనుక కొయ్యను చూసే కన్నున్నవాడు. నూరేండ్ల నాటి తీరున కట్టి, ఇంకా పనిలో ఉన్న ఓడ కనబడగానే వదలలేదు. కొని, తన భార్య పేర "ఫ్లారెన్స్ సి. రాబిన్సన్" అని మార్చినాడు.

పేరు మార్చినాడు గాని నావికులను మార్చలేదు. నాకు ఈ కథలో నచ్చినది ఇదే. ఓడను కొన్నవాడు దానితోపాటు దాని మనుషుల విద్యనుకూడా గౌరవించినాడు. వల్వెట్టితురై తండేలు తంబిపిళ్లె, ఆయన తోటివారు ఆ ఓడను అరబ్బీ సముద్రం, ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ, మధ్యధరా సముద్రం, జిబ్రాల్టరు మీదుగా నడిపించి, అట్లాంటిక్ దాటించి 1938 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో గ్లాస్టర్ రేవులో లంగరు దించినారు. ఒక పల్లెటూరి ఒడ్డున కట్టిన ఓడ, అదే పల్లెటూరివారి చేతిమీద అంత దూరం పోయినది. రాబిన్సన్ దొర అక్కడికి సమీపంలోని ఇప్స్‌విచ్‌లో తరువాత తానే ఓడల కార్ఖానా నడిపినాడు.

కోరంగి ఓడలకు ఇట్టివాడు రాలేదు. వచ్చి ఉంటే ఒకటైనా నేడు ఏదో రేవులో మిగిలి ఉండేది. కోరంగికి పొరుగున ఉన్న తాళ్ళరేవులో ఓడ వడ్రంగం ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగినది. ఇనుప ఓడల విద్యకు మాత్రం విశాఖపట్నం ఇల్లయినది. 1948 మార్చి 14న నెహ్రూ గారు "జల ఉష"ను నీటిలోనికి దింపినప్పుడు దేశమంతా సంతోషించినది. ఆ సంతోషంలో తాళ్ళరేవు వడ్రంగిని తలచినవారు ఎంతమందో!

మన రేవు పేరు మోసిన ఓడ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. "కోరంగి ప్యాకెట్" దాని పేరు. ప్యాకెట్ అంటే ఉత్తరాలు, ప్రయాణీకులు, సరకు చేరవేసే ఓడ. 1840ల కాలంలో తెలుగు కూలీలను మారిషస్‌కు చేర్చిన ఓడగా ఆ పేరును అక్కడి తెలుగు కుటుంబాలవారు నేటికీ చెప్పుకొంటారు. 1845లో ఈ పేరుగల ఓడ చిల్కాట్ అనే కప్తాను క్రింద, ఆస్ట్రేలియాకు ఈశాన్యాన పగడపు దిబ్బలు నిండిన కోరల్ సముద్రంలో పోతూ దిబ్బ తగిలి పగిలిపోయినది. అక్కడున్న చిన్న ఇసుక దీవులకు దాని పేరే పెట్టి కోరంగి దీవులన్నారు. వాటిలో ఒకదానికి కప్తాను పేరున చిల్కాట్ దీవి అని పేరు. పటంలో వెతికితే కనబడతవి. మనుషులు కాపురముండరు. సముద్రపు పక్షులు గూళ్లు పెట్టుకొంటవి, వేసవి రాత్రులలో తాబేళ్లు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెట్టి పోతవి.